కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు: లీకు పట్టడం, థర్మోస్టాట్ మార్చడం ఇంట్లో చేయొచ్చా?

మీటర్‌ముల్లు
1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్. మాన్యువల్ ప్రకారం కూలెంట్ మొత్తం 5 లీటర్లు, పింక్ రంగుది. బాటిల్‌లో మట్టం వారానికి వేలెడంత తగ్గుతోంది, బండి కింద మాత్రం తడి లేదు. ట్రాఫిక్‌లో ముల్లు సగం దాటి పైకి పాకుతుంది, ఖాళీ రోడ్డు ఎక్కగానే దిగిపోతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, కోడ్ పి0128. కొత్త థర్మోస్టాట్ వేసేస్తే సరిపోతుందా? సాకెట్లు, ప్లయర్లు, చిన్న టార్క్ రెంచ్ ఉన్నాయి.

పానా12
సరిపోదు. ఇందులో రెండు జబ్బులు కలిసి కనిపిస్తున్నాయి, విడదీసి చూడండి.

పి0128 అంటే ఇంజిన్ వేడెక్కాల్సిన సమయానికి వేడెక్కలేదని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) గోల. థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచి మూసే కవాటం) తెరుచుకుపోయి ఇరుక్కుంటే వచ్చేది ఇదే. కానీ కూలెంట్ తక్కువైనా ఈ కోడ్ రావచ్చు. సెన్సర్ కొన ద్రవంలో మునగకుండా గాలిలో ఉంటే అది చెప్పే అంకెకు అర్థం లేదు.

ఇక ట్రాఫిక్‌లో వేడి, రోడ్డు మీద చల్లన అన్నది థర్మోస్టాట్ లక్షణం కానే కాదు. అది మూసుకుని ఇరుక్కుంటే రోడ్డు మీద ఇంకా త్వరగా ఉడికిపోతుంది, ఎందుకంటే ఇంజిన్ ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి రేడియేటర్ దాకా పోదు. నిలబడినప్పుడే వేడి అంటే ఫ్యాన్ అయినా పని చేయట్లేదు, కూలెంట్ అయినా చాలట్లేదు.

డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మకండి. చాలా బళ్లలో సుమారు 75 నుంచి 105 డిగ్రీల దాకా ముల్లు నడిమధ్యనే కూర్చునేలా చేసి ఉంటుంది. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యం. ఓబీడీ రీడర్‌లో (బండి కంప్యూటర్‌కు తగిలించి అంకెలు చదివే పరికరం) అసలు అంకె చూసి ఇక్కడ పెట్టండి: రోడ్డు మీద ఎంత, ట్రాఫిక్‌లో ఎంత, ఫ్యాన్ ఎక్కడ మొదలవుతోంది.

చెమ్మజాడ
లీకు సంగతి నేను చెప్తాను. కింద చుక్క లేదంటే లీకు లేదని కాదు. వేడి ఇంజిన్ మీద పడిన బొట్టు నేల చేరకముందే ఆవిరైపోతుంది. నీరు పోయినా అందులోని మందు అక్కడే ఎండి పొలుసు కడుతుంది. కాబట్టి తడి కోసం కాదు, మరక కోసం వెతకండి. తెల్లగా గానీ, మీ కూలెంట్ రంగులో గానీ ఉప్పులా పేరుకుని ఉంటుంది.

మట్టం ఎప్పుడూ చల్లటి ఇంజిన్ మీదే చూడాలి. 5 లీటర్ల కూలెంట్ 20 నుంచి 90 డిగ్రీలకు వెళ్తే సుమారు 200 మి.లీ. ఉబ్బుతుంది. పొద్దున ఒకసారి, నడిపాక ఒకసారి చూసి పోల్చుకుంటే లేని లీకు కూడా కనబడుతుంది.

ఖాయంగా తేల్చేది ప్రెషర్ టెస్ట్. చేతి పంపు, గేజీ, మీ మూత కొలతకు సరిపోయే అడాప్టర్ కావాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి, అడాప్టర్ బిగించి, మూత మీద ముద్రించిన ఒత్తిడి దాకా (0.9, 1.1, 1.4 బార్, ఏది ఉంటే అది) పంపు కొట్టండి. అంతకు మించి కొట్టొద్దు, బాగున్న రేడియేటర్‌ని మీరే చీల్చినవారవుతారు. 15 నిమిషాలు వదిలేయండి. ముల్లు దిగితే టార్చ్, చిన్న అద్దం పట్టుకుని వెతకాలి.

ఎక్కడెక్కడంటే: హోస్ మూతులు. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌తో కలిసే మడత. బాటిల్ అతుకు. థర్మోస్టాట్ హౌసింగ్ చుట్టూ. వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం; లోపలి సీలు అరిగితే కూలెంట్ అందులోంచి బయటికి రావాలనే దాన్ని పెట్టారు, కారుతోందని మూసేయకండి. ఇంజిన్ బ్లాక్ పక్కన రంధ్రాలు మూసే గుండ్రటి కోర్ ప్లగ్గులు. చివరిగా హీటర్ కోర్ (బండి లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్), ఇది బయటికి కనబడదు. ముందు సీటు దగ్గర తివాచీ తడిగా ఉన్నా, లోపల తీపి వాసన వచ్చినా, అద్దం మీద జిడ్డు మంచు పట్టినా అదే.

మూత మాత్రం వేడి మీద ముట్టుకోవద్దు. పై హోస్‌ను నొక్కితే మెత్తగా ఉండాలి, చేత్తో హాయిగా పట్టుకోగలగాలి, అప్పుడే గుడ్డ కప్పి మెల్లగా తిప్పండి. సగం సగం నీళ్లు, గ్లైకాల్ (కూలెంట్‌లోని అసలు ద్రవం) మిశ్రమం మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మూత బిగించి ఉంటే 130 దగ్గర. 115 డిగ్రీల ద్రవం మీద ఒత్తిడి తీసేస్తే మొత్తం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి వస్తుంది.

మీటర్‌ముల్లు
అంకెలు ఇవీ. ఖాళీ రోడ్డు మీద 71 నుంచి 74. ట్రాఫిక్‌లో 104 దాకా. ఫ్యాన్ 98 దగ్గర మొదలవుతోంది, గాలి గట్టిగానే వస్తోంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పై హోస్ వెచ్చబడుతోంది. మూత 1.1 బార్. ప్రెషర్ టెస్ట్‌లో 10 నిమిషాలకు 0.8కి దిగింది. థర్మోస్టాట్ హౌసింగ్ కింద గేర్‌బాక్స్ మీద గులాబీ పొలుసు ఉంది, హౌసింగ్ ప్లాస్టిక్‌ది. పంపు కింద పొడిగానే ఉంది.

పానా12
అయితే మొత్తం బయటపడింది. రోడ్డు మీద 71 అంటే థర్మోస్టాట్ మూసుకోవట్లేదు. పై హోస్ మొదటినుంచే వెచ్చబడడం దానికి సాక్ష్యం. బాగున్నదైతే ఇంజిన్ 80 దాటేదాకా ఆ హోస్ చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. ట్రాఫిక్‌లో 104 లీకు వల్ల. మట్టం తగ్గి లోపల గాలి చేరింది. రెండు జబ్బులూ ఒక్క హౌసింగ్‌లోనే ఉన్నాయి, అది మీ అదృష్టం.

నట్టుబోల్టు
ఇంత దేనికండీ, థర్మోస్టాట్ పీకి పక్కన పెట్టేస్తే పోలా? లీకుకి స్టాప్ లీక్ (సందులు పూడ్చే మందు) డబ్బా ఒకటి పోస్తే చాలు. చాలామంది చేసేదే.

బైపాస్‌దారి
చాలామంది చేస్తారు, అందుకే చాలామంది ఇంజిన్లు అలా ఏడుస్తున్నాయి.

థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ ఎప్పుడూ సగం చలిలోనే ఉంటుంది. ఈసీయూ ఇంకా వార్మప్‌లోనే ఉన్నామనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరయ్యే వేడి రాక మడ్డి కడుతుంది. ఇది అందరూ చెప్పేదే. తక్కువమంది గమనించేది ఇంకొకటుంది. చాలా థర్మోస్టాట్లకు వెనక వైపు రెండో పళ్లెం ఉంటుంది. ముందు పళ్లెం రేడియేటర్ దారి తెరుస్తున్నప్పుడు ఇది బైపాస్ దారి మూస్తుంది. మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తాయి. అలాంటి ఇంజిన్‌లో థర్మోస్టాట్ పీకితే చల్లబడదు సరికదా, ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు ఉడుకుతుంది.

స్టాప్ లీక్ దారిలో చిక్కుకున్నప్పుడు ఇల్లు చేరడానికి. దానికి లీకు సందు ఏదో, హీటర్ కోర్ సన్న గొట్టం ఏదో తెలియదు, సన్నగా కనిపించిన ప్రతిదాన్నీ పూడుస్తుంది. నలిగిన రబ్బరు రింగు దగ్గర ఎక్కువ కాలం నిలవదు కూడా.

పానా12
పని వరుస చెప్తాను. విడిభాగాలు: థర్మోస్టాట్, దాని రబ్బరు రింగు, హౌసింగ్ మొత్తం. ప్లాస్టిక్ హౌసింగ్ కొన్నేళ్ల వేడికి వంగుతుంది, కొత్త రింగు పాత వంకర మీద కూర్చోదు. విడిగా థర్మోస్టాట్ ఒక్కటే దొరికినా హౌసింగ్‌తో పాటే కొనండి. డిగ్రీ అంకె పాతదాని అంచు మీద ముద్రించి ఉంటుంది, 82 ఉంటే 82 వేయండి. చల్లగా ఉంటుందని 76 వేస్తే పి0128 మళ్లీ మీ ఇంటికే వస్తుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు కరెంటు కనెక్టర్ ఉంటుంది, దాన్ని ఈసీయూ వేడి చేసి అవసరమైనప్పుడు ముందే తెరిపిస్తుంది. అలాంటిదైతే మామూలుది పెట్టకూడదు.

బండి సమతలం మీద, ఇంజిన్ చల్లగా. ఫ్యాన్ కనెక్టర్ ఊడదీయండి, కొన్ని బళ్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది. శుభ్రమైన తొట్టె కింద పెట్టి రేడియేటర్ డ్రెయిన్ ప్లగ్ విప్పండి. అది ప్లాస్టిక్, చేతి వేళ్లతోనే తిప్పాలి, తిరిగి బిగించేటప్పుడూ అంతే. 2.5 నుంచి 3 లీటర్లు వస్తాయి. మిగతాది బ్లాక్‌లోనే ఉంటుంది. ఎంత వచ్చిందో కొలిచి రాసుకోండి, నింపేటప్పుడు ఆ అంకెతో పని పడుతుంది.

హోస్ ఊడకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. చేత్తో పట్టుకుని మెలిపెట్టండి, అతుకు వీడుతుంది. అప్పటికీ మొండికేస్తే హోస్‌ను నిలువుగా కోసి తీసి కొత్తది వేయండి. విరిగిన రేడియేటర్ ముక్కు (హోస్ ఎక్కే గొట్టం) కన్నా హోస్ చవక.

హౌసింగ్ బోల్టులు తీశాక థర్మోస్టాట్ ఏ వైపు చూస్తోందో ఫోటో తీసుకోండి. స్ప్రింగు, మైనం గుళిక ఉన్న వైపు ఇంజిన్ లోపలికి ఉంటుంది. ఆ గుళికలోని మైనం కరిగి ఉబ్బితేనే కవాటం తెరుచుకుంటుంది కాబట్టి దానికి ఇంజిన్ వేడి తగలాలి. తిరగేసి పెడితే ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఆలోపు ఇంజిన్ కాగిపోతుంది. అంచులో చిన్న గాలి రంధ్రం, అందులో ఆడే పిన్ను ఉంటే అది సరిగ్గా పైకి, 12 గంటల స్థానంలో ఉండాలి. గాలి పైనే చేరుతుంది కదా.

కూర్చునే ముఖం శుభ్రం చేసేటప్పుడు లోపలి రంధ్రంలో గుడ్డ కుక్కండి. ప్లాస్టిక్ గీకుడు ముక్క వాడండి, బ్లేడుతో అల్యూమినియం మీద గీత పడితే అదే కొత్త లీకు. రబ్బరు రింగు ఉన్నచోట సిలికాన్ పేస్టు పూయకండి. రింగు జారి పక్కకు పోతుంది, పిండుకుపోయిన పేస్టు లోపల తెగి రేడియేటర్‌లో చేరుతుంది. కాగితం గ్యాస్కెట్ అయితే మాన్యువల్ చెప్పినప్పుడే, అదీ పలచటి పొర.

బోల్టులు ముందు వేళ్లతో పూర్తిగా ఎక్కించి, తర్వాత ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఎం6 బోల్టులకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. మాన్యువల్ అంకె ఉంటే అదే ప్రమాణం. పెద్ద రాచెట్‌తో అంచనాగా బిగిస్తే అల్యూమినియంలో మర పోతుంది, అప్పుడు పని గంటలో అయ్యేది కాదు.

గడియారం
కొత్త థర్మోస్టాట్‌ని వేసే ముందు పరీక్షించాలా?

పానా12
తప్పకుండా. పది నిమిషాల పని. వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీయండి, అడుగుకు తగలకూడదు. థర్మామీటర్ పక్కనే, అదీ అడుగుకు ఆనకుండా. మంట మెల్లగా పెంచండి. 82ది అయితే 80, 84 మధ్య కదలిక మొదలై 95 దగ్గర పూర్తిగా తెరుచుకోవాలి. పూర్తి ఎత్తు సుమారు 8 మి.మీ. బయటికి తీస్తే పూర్తిగా మూసుకోవాలి. దారం చిట్కా ఒకటి: దారాన్ని కవాటం అంచుకీ పళ్లానికీ మధ్య ఇరికించి వేలాడదీస్తే, తెరుచుకోవడం మొదలైన క్షణాన థర్మోస్టాట్ జారి నీళ్లలో పడుతుంది. ఆ అంకె చూస్తే చాలు.

పాతదాన్ని చల్లగా ఉండగా వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అంచు చుట్టూ వెలుతురు సందు కనిపిస్తే మీ 71 ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది.

నట్టుబోల్టు
సరే, ఒప్పుకున్నాను. కానీ కంపెనీ ఇచ్చే స్ప్రింగ్ క్లాంపులు తీసేసి స్క్రూ క్లాంపులు వేయమంటాను. గట్టిగా ఉంటాయి.

చెమ్మజాడ
గట్టిగా ఉండడమే సమస్య. వేడికి ప్లాస్టిక్ ముక్కు ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. స్ప్రింగ్ క్లాంపు దానితో పాటే సాగి, ముడుచుకుని ఒకే ఒత్తిడి ఇస్తుంది. స్క్రూ క్లాంపు బిగించినచోటే ఉంటుంది, కాబట్టి చలి ఉదయం సన్నగా కారుతుంది, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతుంది. అప్పుడు ఇంకొంచెం బిగిస్తారు, ముక్కు పగులుతుంది. స్ప్రింగ్ క్లాంపు పట్టు సడలిపోతే కొత్త స్ప్రింగ్ క్లాంపే వేయండి. పాత ఇనుప ముక్కులున్న ఇంజిన్లకు స్క్రూవి బాగానే పనిచేస్తాయి, అక్కడ మీతో గొడవ లేదు.

క్లాంపు ముక్కు చివర ఉన్న ఉబ్బు దాటి లోపలికి కూర్చోవాలి, ఉబ్బు మీద కాదు. హోస్ ఎక్కడానికి కాస్త కూలెంట్ రాయండి. గ్రీజు, ఆయిల్ వద్దు, ఆ రబ్బరు నూనెకు ఉబ్బి మెత్తబడుతుంది.

పింక్‌ద్రవం
నింపే లెక్కలో చాలామంది తప్పు చేస్తారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మొదటి మాట: రంగు చూసి కూలెంట్ కొనకండి. రంగు అనేది తయారీదారు ఇష్టం, దానికి ఉమ్మడి ప్రమాణం లేదు. రెండు పింకులు లోపల రెండు వేర్వేరు మందులు కావచ్చు. మాన్యువల్‌లో రాసిన ప్రమాణం సంఖ్యను డబ్బా మీద వెతకండి. పాత తరం సిలికేట్ కూలెంట్‌నూ ఆర్గానిక్ యాసిడ్ రకాన్నీ కలిపితే తుప్పు ఆపే మందు బలహీనపడుతుంది, కొన్ని జోడీల్లో జిగురు కడుతుంది.

ఇప్పుడు లెక్క. పాత కూలెంట్ అదే రకం, శుభ్రంగా ఉంది, ఎంత తీశారో అంతే నింపుతున్నారు అనుకుంటే, రెడీమిక్స్ (నీళ్లు ముందే సగం సగం కలిపినది) పోయండి, చాలు. కానీ నీళ్లతో కడిగారనుకోండి. 5 లీటర్ల వ్యవస్థలో 3 లీటర్లే బయటికి వస్తాయి, బ్లాక్‌లో 2 లీటర్ల వట్టి నీళ్లు మిగులుతాయి. ఆ ఖాళీలో 3 లీటర్ల రెడీమిక్స్ పోస్తే అందులో గ్లైకాల్ 1.5 లీటర్లే, అంటే మొత్తం మీద 30 శాతం. అందుకని కడిగాక కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపనిది) 2.5 లీటర్లు ముందు పోసి, మిగిలిన అర లీటరు చోటు డీమినరలైజ్డ్ (ఖనిజాలు తీసిన) నీళ్లతో నింపండి. అప్పుడు సగం సగం వస్తుంది. రిఫ్రాక్టోమీటర్ (బొట్టు వేసి మిశ్రమం చిక్కదనం చూసే పరికరం) ఉంటే రెండు రోజులు నడిపాక చూడండి, సగం సగం మిశ్రమానికి గడ్డకట్టే అంకె మైనస్ 37 దగ్గర ఉండాలి.

చిక్కగా ఉంటే మంచిదని వట్టి కాన్సన్‌ట్రేట్ పోసేవాళ్లకు: గ్లైకాల్ ఒక్కటీ మోయగలిగే వేడి నీళ్లు మోసేదానిలో 60 శాతం కూడా ఉండదు. పైగా వట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. నీళ్లు కలిస్తేనే దానికి బలం. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు, వాటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో గార కడుతుంది.

బైపాస్‌దారి
నింపడం తేలిక, గాలి తీయడమే అసలు పని. మొదట బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉండేలా పెట్టండి, నింపే మూతి అన్నిటికన్నా పైకి రావాలి. హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ కనిష్ఠం మీద. బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే మర) ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి ధార వచ్చేదాకా మెల్లగా పోసి మూసేయండి. సన్నటి ధారగా పోయాలి, గబగబా పోస్తే గాలి కిందే చిక్కుకుంటుంది. హోస్‌లను మధ్యలో పిసుకుతూ ఉండండి.

ఫ్యాన్ కనెక్టర్ తిరిగి పెట్టారో లేదో చూసుకుని స్టార్ట్ చేయండి. మట్టం చూస్తూ 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం దభాలున పడుతుంది, కంగారు పడకుండా పోయండి. మూత పెట్టి ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి. హీటర్‌లోంచి ఎడతెగకుండా వేడి గాలి రావాలి. వేడి వచ్చి, పోయి, మళ్లీ వస్తుంటే ఇంకా గాలి ఉంది. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు ఎక్కువ చల్లటి కూలెంట్ పోయొద్దు, సిలిండర్ హెడ్ పగలొచ్చు.

ఎలక్ట్రిక్ వాటర్ పంపు ఉన్న బళ్లలో ఈ పద్ధతి కుదరదు, స్కానర్‌తో బ్లీడింగ్ నడపాలి, లేదా వాక్యూమ్ ఫిల్లర్ (లోపలి గాలి లాగేసి కూలెంట్ నింపే పరికరం) వాడాలి.

గడియారం
అన్నీ మార్చినా మట్టం తగ్గుతుంటే?

చెమ్మజాడ
మొదట మూత. అందులోని స్ప్రింగు బలహీనపడితే 1.1 బదులు 0.7కే వదిలేస్తుంది, కూలెంట్ ఆవిరిగా పోతుంది. ప్రెషర్ టెస్టర్ అడాప్టర్‌తో మూతనీ పరీక్షించొచ్చు. చల్లారాక పై హోస్ పీల్చుకుపోయి చదునుగా కనిపిస్తే లోపలి వాక్యూమ్ కవాటం మూసుకుపోయిందన్నమాట. రెండింటికీ మందు కొత్త మూతే.

తర్వాత హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు). రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా గట్టిపడితే అది వేడి ఒత్తిడి కాదు, సిలిండర్ గ్యాస్. బాటిల్ మూతి మీద బ్లాక్ టెస్టర్ (సిలిండర్ గ్యాస్ తగిలితే రంగు మారే ద్రవం ఉన్న గొట్టం) పెట్టి గాలి లాగండి, నీలం ద్రవం పసుపు పచ్చగా మారితే తేలిపోయినట్టే. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ ఒక్కటే చూసి హెడ్ విప్పకండి, దగ్గర దూరాలే తిరిగే బండిలో అది వట్టి తేమ కూడా కావచ్చు.

మీటర్‌ముల్లు
అయిపోయింది. పాత రింగు ఒకవైపు చదునుగా నలిగి ఉంది, హౌసింగ్ ముఖం మీద స్కేలు పెడితే మధ్యలో వెలుతురు వస్తోంది. పాత థర్మోస్టాట్ చల్లగా ఉన్నా 1 మి.మీ. తెరిచే ఉంది. కొత్తది గిన్నెలో 82 దగ్గర జారి పడింది. బయటికి వచ్చింది 2.8 లీటర్లు, కడగలేదు, రెడీమిక్స్ పోశాను. ప్రెషర్ టెస్ట్‌లో 20 నిమిషాలకు ముల్లు కదల్లేదు. ఇప్పుడు రోడ్డు మీద 87 నుంచి 90, ట్రాఫిక్‌లో 98 దాకా వెళ్లి ఫ్యాన్‌తో 93కి దిగుతోంది. కోడ్ చెరిపాక మళ్లీ రాలేదు. మొదటి రెండు రోజుల్లో మాత్రం మట్టం మొత్తం 150 మి.లీ. తగ్గింది, మూడో రోజు నుంచి అక్కడే ఉంది.

బైపాస్‌దారి
అది మిగిలిన గాలి బయటపడడం. ఒక వారం చల్లటి ఇంజిన్ మీద చూస్తూ ఉండండి. బాటిల్ మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే అనుమానం ఉండదు.

మీటర్‌ముల్లు
తొట్టెలో ఉన్న 2.8 లీటర్లు ఏం చేయాలి? మోరీలో పోయొచ్చా?

పింక్‌ద్రవం
వద్దు. మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, పైన పేరు రాసి, వాడిన ఆయిల్ తీసుకునే చోట కూలెంట్ కూడా తీసుకుంటారేమో అడిగి ఇవ్వండి. మంచినీళ్ల సీసాలో మాత్రం పోయొద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిగా లోపలికి పోయినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. నేల మీద ఒలికినచోట ముందు రంపపు పొట్టు చల్లి పీల్చనిచ్చి, ఎత్తేశాక సబ్బు నీళ్లతో కడగండి. గేర్‌బాక్స్ మీది పాత పొలుసు కూడా తడిగుడ్డతో తుడిచేయండి, అక్కడ మళ్లీ మరక వస్తే అది కొత్తదేనని తెలుస్తుంది.